మడతిప్ప గుండెలు

సోమవారం

అంకెలన్నీ యంత్రమే దాచుకుంటుంది గదా, మళ్ళీ నేను చిట్టా రాయడం దేనికని ఉద్యోగంలో చేరిన కొత్తలో డాక్టర్ జీనత్ గారిని అడిగాను. యంత్రానికి అంకె తెలుస్తుంది గానీ మనిషి తెలియదు, నీకు తెలిసింది నువ్వు రాయి, అన్నారు. అప్పటి నుంచీ రాస్తున్నాను. ఇవాళ రాయడానికి పెద్దగా ఏమీ లేదు. లేనందుకు సంతోషంగా ఉంది.

వాయుగుండం శనివారం సముద్రంలోని మడతిప్ప దీవిని రాసుకుంటూ ఉత్తరానికి వెళ్ళిపోయింది. తిప్ప జనమంతా తుఫాను షెల్టర్లో తలదాచుకుని, నిన్న సాయంత్రానికి స్తంభాల మీది తమ ఇళ్ళకు చేరారు. రెండు ఇళ్ళ పైకప్పులు, కొన్ని వలలు, ఒక పీతల చెరువు గట్టు పోయాయి. మనుషులెవరూ పోలేదు. పొద్దున్నే నేను కొండపల్లి గుట్ట మీద మా ఆఫీసులో టీ గ్లాసు పట్టుకుని కూర్చునేసరికి నా వాళ్ళు ఒక్కొక్కరే రోజువారీ కొలత కోసం దిండు మీద తల వాల్చడం మొదలుపెట్టారు.

ఊపిరితిత్తులకు వెళ్ళే రక్తనాళంలో కూర్చోబెట్టిన గింజంత పరికరం, మేము గింజ అనే అంటాం, అక్కడి ఒత్తిడి ఎంతో దిండుకు చెబుతుంది, దిండు నాకు చెబుతుంది. మెడ ఎముక కింద చర్మం లోపల ఉండే డబ్బీ గుండె లయను కనిపెట్టుకుని ఉంటుంది, తప్పితే సర్దుతుంది. మనిషి పడుకున్నాడా, కూర్చున్నాడా, నడిచాడా అన్నదీ అదే చెబుతుంది. పొట్ట పక్కన తిత్తి ఉంటుంది. ఒంట్లో చేరిన నీరు తీసే మందు అందులో నింపి ఉంటుంది. డాక్టర్ గారు ఇక్కడ తెరిస్తే అక్కడ మందు దిగుతుంది.

గుండె బలహీనపడినవాళ్ళు మడతిప్పలో పద్దెనిమిది మంది. తెర మీద మొహాలు చూడటమే గానీ ఒక్కరినీ ఎదురుగా చూసి ఎరగను. ఎవరు ఎంత పొడుగో తెలియదు. ఎవరి గుండె నిద్రలో ఎప్పుడు తడబడుతుందో మాత్రం తెలుసు. ఇవాళ పద్దెనిమిదీ నెమ్మదిగా ఉన్నాయి. టీ చల్లారకముందే తాగాను.

బుధవారం

లంకే నాంచారమ్మ పిన్ని ఒత్తిడి నిన్న కొంచెం పెరిగింది. ఇవాళ ఇంకొంచెం.

పిన్ని తిప్పలో మెస్ నడుపుతుంది. సముద్రం ఇంకా ముందుకు రాకుండా మడ మొక్కలు నాటే కూలీలంతా ఆమె దగ్గరే తింటారు. అందరికీ కారంగా పులుపుగా వండిపెట్టి, తను మాత్రం విడిగా వండుకున్న చప్పిడి కూర తింటానని చెబుతుంది. ఉప్పు సంగతిలో గుండె రోగుల మాట నమ్మకూడదన్నది మా పనిలో మొదటి పాఠం. ఉప్పు ఒంట్లో చేరితే నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నీటిని తోడలేని గుండె దాన్ని ఊపిరితిత్తుల్లోకి వదిలేస్తుంది. అందుకని ఫోన్ చేసి కాస్త గట్టిగానే అడిగాను. షెల్టర్లో ఎండుచేపల పులుసు వండారని నాకు ముందే తెలుసు.

"వండితే వండారు. వండిందల్లా తింటానా?" అంది పిన్ని. "ఉప్పురాయి నా నాలిక్కి తగిలుంటే మా తమ్ముడి మీద ఒట్టు."

తమ్ముడంటే సైకం వీరబాబు. సముద్రపు నీటిని మంచినీరు చేసే తిప్పలోని ప్లాంటు అతనే చూసుకుంటాడు. పిన్నికి పిల్లల్లేరు, తమ్ముడంటే ప్రాణం. అయినా నేను నమ్మలేదు. రెండు రోజులు పచ్చడి జాడీల గది తాళం ఇంకొకరికి ఇవ్వమన్నాను. ఆమె టక్కున ఫోన్ పెట్టేసింది.

గురువారం

ఇవాళ పెరిగింది పిన్ని ఒక్కదానికే కాదు. సగం మందికి పైగా పెరిగింది. అదీ మడతిప్పలోనే. పక్క తిప్పల్లో ఎవరికీ ఏమీ లేదు.

డాక్టర్ జీనత్ గారు చాలాసేపు తెర వంక చూసి, గాలిపెట్టె సంగతి కనుక్కోమన్నారు. గింజ చెప్పే ఒత్తిడిలో బయటి గాలి ఒత్తిడి కూడా కలిసి ఉంటుంది. తిప్ప మధ్య టవరు మీది పెట్టె ఆ గాలి లెక్క చెబితే, దిండ్లన్నీ దాన్ని తీసేసి మనకు పంపుతాయి. తుఫానుకు ఆ పెట్టె తడిసి, వాయుగుండం నాటి తక్కువ లెక్క దగ్గరే ఆగిపోతే, దిండ్లు తీసేయవలసినంత తీసేయవు. అప్పుడు బాగున్నవాళ్ళ అంకెలు కూడా ఎక్కువగా కనిపిస్తాయి. ఇంజినీర్లూ అదే అనుకుంటున్నారు. పెట్టె మార్చాలంటే లాంచీ వెళ్ళాలి. అవనిగడ్డ రేవు నుంచి లాంచీలు కదలడం లేదు. ఈ గాలికి డ్రోన్లూ ఎగరవు.

నేను తిత్తులు తెరుద్దామన్నాను. ఆమె వద్దన్నారు. తప్పుడు అంకె చూసి మందు వదిలితే ఒంట్లో ఉన్న నీరు కూడా పోయి మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఆ చేత్తో చేసింది ఈ చేత్తో తీయలేము, అన్నారు. కాదనలేకపోయాను. అందరికీ ఫోన్ చేసి మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి చూపించమన్నాను. నీరు పట్టిన కాలికైతే సొట్ట పడుతుంది, ఎవరికీ పడలేదు. కాళ్ళు వాచకముందే చెప్పడానికే గదా ఆ గింజ పెట్టింది, కాబట్టి సొట్ట లేకపోవడాన్ని బట్టి ఏమీ తేల్చలేం. అయినా లోపల ఎక్కడో కాస్త ఊరటగానే ఉంది. తప్పు పెట్టెదైతే మనుషులు బాగున్నట్టే.

మాటల్లో చాలామంది దాహం ఎక్కువగా ఉందన్నారు. తుఫాను తర్వాత ఉక్క అలాగే ఉంటుందని సరిపెట్టుకున్నాను.

శుక్రవారం

ఈ రోజు జరిగింది వరసలో రాస్తాను.

పొద్దున పిన్ని దిండు నుంచి ఏమీ రాలేదు. కోపంతో పడుకోలేదేమో అనుకున్నాను. డబ్బీ ఏం చెబుతోందో చూశాను. నిన్న సాయంత్రం నుంచీ ఆమె నడుం వాల్చనే లేదు. కూర్చునే ఉంది.

ఫోన్ చేశాను. గోడకు ఆనుకుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి.

"ఏం లేదే అమ్మాయ్," అంది. ఊపిరి తీసుకుంది. "పడుకుంటే... గుండెల మీద ఎవరో... కూచున్నట్టుంది." మళ్ళీ ఆగింది. "నేను ఉప్పు తిన్లేదు మెర్సీ."

అంత ఆయాసంలోనూ ఆమె చెప్పాలనుకున్నది అదే.

డాక్టర్ గారి దగ్గరకు పరుగెత్తాను. ఆమె ఇక ఆలోచించలేదు, పిన్ని తిత్తి వెంటనే తెరిచారు. ఇది పెట్టె చెప్పిన మాట కాదు, ఒళ్ళు చెప్పిన మాట, అన్నారు. మరి మిగతావాళ్ళ సంగతేమిటంటే, వాళ్ళవీ నిజమేనని ఏదైనా చూపించు, చూపించిన క్షణమే తెరుస్తాను, అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలోనూ నెత్తురు చుక్క లేదు.

మిగతా పదిహేడు మంది అంకెలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. తప్పు పెట్టెదైతే అందరికీ ఒకే కొలత పెరగాలి. పెట్టె ఒక్కటే గదా. కానీ ఒకరికి కొంచెం, ఒకరికి చాలా, ఒకరికి మధ్యస్థం. ఒక మనిషికైతే అసలు కదలనే లేదు. మోకా ఏడుకొండలు బాబాయి. సోమవారం ఎంత ఉందో ఇవాళా అంతే. ఈ ఒక్క మనిషితోనే పెట్టె తప్పు కాదని తేలిపోయింది. మిగతా అందరి అంకెలూ నిజమే. కానీ ఎందుకు?

ఏడుకొండలు బాబాయి మాకు పెద్ద తలనొప్పి. పాత పడవలు బాగుచేస్తాడు, ఒంటరి మనిషి, తన వంట తనదే. వారంవారం ఎండుచేప తింటానని దాచకుండా ఒప్పుకునేది ఆయన ఒక్కడే. పథ్యం పాటించేవాళ్ళంతా మునిగిపోతుంటే ఈయన తేలి ఉండటమేమిటి? ఫోన్ చేసి ఏం తిన్నావు బాబాయ్ అంటే, కోప్పడటానికి చేశాననుకుని ముందే ఒప్పేసుకున్నాడు.

"నిన్న కూడా తిన్నాను. రెండు సావిడాయ ఎండుచేపలు. రాసుకో."

అది కాదు, అందరూ చేసేదాంట్లో నువ్వు చేయనిదేంటని అడిగాను.

"అందరూ ప్లాంటు నీళ్ళు తాగుతారు. నాకా వాసన పడదు. వాన నీళ్ళు పట్టుకుంటాను. వంటకీ అయ్యే నీళ్ళు."

కుర్చీలో నుంచి ఎప్పుడు లేచానో తెలియదు, నిలబడి ఉన్నాను. దాహం దాహమని అందరూ అన్న మాట గుర్తొచ్చింది. దాహమని ఇంకా తాగుతున్నారు. తాగిన కొద్దీ ఇంకా దాహం.

వీరబాబుకు ఫోన్ చేస్తే అప్పటికే అక్క దగ్గర ఉన్నాడు. మీటరు రోజూ చూస్తున్నానని, నీళ్ళు తియ్యగానే ఉన్నాయని చూపిస్తోందని చెప్పాడు. రుచి తేడాగా లేదా అంటే, చుట్టూ సముద్రమే, గాలే ఉప్పగా ఉంటుంది, మాకు తెలియదు సిస్టరు గారూ, అన్నాడు. వెనక నుంచి పిన్ని ఏదో అంటోంది. ఫోన్ ఆమె దగ్గర పెట్టమన్నాను.

"పప్పులో ఉప్పెక్కువైందని... నాలుగు రోజుల నుంచీ అంటన్నారు. నా చెయ్యి... అదుపు తప్పిందనుకున్నా. తగ్గించా. అయినా అంటన్నారు."

ఇంక మాట్లాడొద్దని ఆమెను బతిమాలాను. వీరబాబును ఏడుకొండలు దగ్గర ఒక గ్లాసు వాన నీళ్ళు తెమ్మన్నాను. మెస్‌లోనే రెండు నల్లటి మూకుళ్ళు పక్కపక్క పొయ్యిల మీద పెట్టించాను. ఒకదాంట్లో వాన నీళ్ళు, ఒకదాంట్లో ప్లాంటు నీళ్ళు. మరిగి మరిగి ఇగిరిపోయేదాకా ఇక్కడ నేను, డాక్టర్ గారు, అక్కడ అక్కా తమ్ముడు, ఆ మూకుళ్ళ వంకే చూశాం. పిన్ని ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

వాన నీళ్ళ మూకుడు నల్లగా మిగిలింది. రెండోదాని అడుగున ముగ్గు పోసినట్టు తెల్లగా పేరుకుంది.

డాక్టర్ గారు నా పక్క నుంచి లేచి వెళ్ళి ఒక్కొక్కరి తిత్తీ తెరవడం మొదలుపెట్టారు. గుడ్డిగా కాదు, ఎవరికి ఎంత పెరిగిందో చూసి అంతంతే. ఏడుకొండలు పేరు దగ్గర మాత్రం ఆగి, నవ్వి, దాటేశారు.

అక్కడ వీరబాబు మూకుడు ముందు అలాగే గొంతుక్కూర్చుండిపోయాడు. "తుఫానుకి లోపల ఉప్పు ఆపే పొర చిరిగుంటది సిస్టరు గారూ. మీటరు మూతికి బురద పట్టేసుంటది. అక్కకి రోజూ నేనే బిందె తెచ్చి పోశాను. నా చేత్తోనే పోశాను."

మాట్లాడొద్దన్నా పిన్ని వినలేదు.

"నువ్వు ఉప్పు చేశావా ఏంట్రా? సముద్రం చేసింది." ఊపిరి తీసుకుంది. "ఏడుత్తా కూచోక... లేచి ఊరికి చెప్పు. ఆ నీళ్ళు తాగొద్దని చెప్పు."

అతను లేచి పరుగెత్తాడు. కాసేపటికి టవరు మైకులో అతని గొంతు పిన్ని ఫోన్లోంచి ఇక్కడికి కూడా వినిపించింది. మాట స్పష్టంగా ఉంది.

శనివారం

మొదటి మోతాదుకు పిన్ని ఒళ్ళు సరిగా పలకలేదు. డాక్టర్ గారు రెండోది వదిలారు. పొద్దెక్కేసరికి గుండె లయ తప్పింది, డబ్బీ తనంత తాను సర్దింది. ఆ క్షణం నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి తెర మీది గీత మళ్ళీ దారిలో పడి ఉంది. ఇంకోసారి అలా జరిగితే ఏం చేయాలో డాక్టర్ గారు నాకు నెమ్మదిగా చెప్పి పెట్టారు. అవసరం రాలేదు.

తిప్పలో వాన మొదలైంది. పోయిన వారం తిట్టుకున్న వాన. పడవల మీది టార్పాలిన్లన్నీ విప్పి స్తంభాలకు కట్టారట, కింద బిందెలు, గంగాళాలు, పీతల తొట్లు. వాన చాలినంత పడేదాకా గుండె రోగులున్న ప్రతి ఇంటికీ ఏడుకొండలు తన కుండల్లో నీళ్ళు మోయించి పంపాడు. ఒక కుండ వెంట తనే వెళ్ళి, పిన్నికి గ్లాసుతో ఇచ్చి, ఎక్కువ తాగకు, కొంచెం కొంచెం తాగు, మెర్సీ చూస్తంటది, అన్నాడట. వీరబాబు చెప్పాడు.

మధ్యాహ్నం నుంచీ ఫోన్లు. అందరిదీ ఒకటే ఫిర్యాదు. లేస్తూ కూర్చుంటూ ఉండటమే పనైపోయింది, ఒంటేలు ఆగడం లేదు, ఏం మందమ్మా ఇది. నేను ప్రతివాళ్ళకూ చాలా మంచి మందు అని చెప్పాను. ఇంత ఆనందంగా ఫిర్యాదులు విన్న రోజు నా ఉద్యోగంలో లేదు.

మూడు గంటలప్పుడు పిన్ని డబ్బీ కదిలింది. నిటారుగా ఉన్న మనిషి కాస్త వెనక్కి వాలింది. కాసేపు అలాగే ఉండి ఇంకాస్త. నేను డాక్టర్ గారిని పిలిచాను. ఇద్దరం నిలబడే చూశాం. నాలుగు దాటాక పిన్ని పూర్తిగా పడుకుంది. దిండుకు తల తగిలింది, గింజ మాట్లాడింది. ఒత్తిడి ఇంకా ఎక్కువే, కానీ దిగుతోంది. ఊపిరి ఒకే తీరున వస్తోంది.

నిద్రపోయింది. పట్టపగలు, మెస్‌లో వంట వదిలేసి.

ఇంటికి వెళ్ళి అన్నం తిను మెర్సీ, అన్నారు డాక్టర్ జీనత్ గారు. నిన్నటి నుంచీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

సోమవారం

అందరివీ దిగాయి. ఇద్దరికి మోతాదు కాస్త ఎక్కువై కళ్ళు తిరిగితే తగ్గించాం. పిన్నిది అందరికంటే నెమ్మదిగా దిగుతోంది గానీ ఆగకుండా దిగుతోంది. గాలి తగ్గి డ్రోన్లు నీళ్ళ ప్యాకెట్లు జారవిడిచి వచ్చాయి. టవరు మీది గాలిపెట్టె కూడా చూశారు. దానికి ఏ లోపమూ లేదు.

పిన్నికి ఫోన్ చేశాను. నమ్మకుండా మాట్లాడినందుకు ఏం చెప్పాలో రెండు మూడు రకాలుగా అనుకుని మరీ చేశాను. ఆమె నన్ను చెప్పనివ్వలేదు. తాళం తిరిగి ఇప్పించమంది. పచ్చడి తనకు కాదట, కూలీలు గొడవ పెడుతున్నారట.

గురువారం

లాంచీ కదిలింది. ప్లాంటుకు కొత్త పొరలు, తిత్తుల్లోకి మందు, దానితోపాటు నేనూ. తిత్తులు మళ్ళీ నింపాలంటే చేత్తోనే నింపాలి, ఎవరో ఒకరు వెళ్ళాలి, నువ్వే వెళ్ళు, అన్నారు డాక్టర్ గారు.

తిప్ప రేవులో దిగితే ఎవరెవరో నన్ను చూసి నవ్వుతున్నారు, నేను ఒక్కరినీ పోల్చుకోలేను. తెర మీద పెద్ద మనిషిలా కనిపించే ఏడుకొండలు బాబాయి నా భుజం దాకా కూడా లేడు. నన్ను ఎగాదిగా చూసి, ఇంత పొడుగనుకోలేదు, అన్నాడు. వీరబాబు దండం పెట్టి, పొరల పెట్టె భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా ప్లాంటు తిప్పి, ఈసారి మీటరుతోపాటు మూకుడు కూడా పెట్టి చూపించాడు. నల్లగా ఉంది.

పద్దెనిమిది మంది దగ్గరా కూర్చున్నాను. తిత్తులు నింపాను. చేతులు పట్టుకుని నాడి చూశాను, అవసరం లేకపోయినా. పిన్ని మెస్‌లో అన్నం పెట్టింది. కోప్పడే హక్కు నాకు లేదని, తాను ఏం తింటుందో ఎదురుగా కూర్చుని చూడమని, తన చప్పిడి కూర నా పళ్ళెంలో కూడా వేసింది. వెల్లుల్లి, నిమ్మరసం, మిరియం. బాగుంది. నిజంగానే బాగుంది.

తిరుగు లాంచీకి వేళయితే రేవుదాకా వస్తానని బయలుదేరింది. రేవేమీ దగ్గర కాదు, చెక్కవంతెనల మీద చాలా దూరం నడవాలి. వద్దంటే వినలేదు. నేను ఆమె కాళ్ళ వంక చూస్తూ నడుస్తున్నాను, ఆమె మాట్లాడుతూ నడుస్తోంది. కూలీల్లో ఎవరికి పెళ్ళి కుదిరిందో, వీరబాబుకు కూడా పిల్లను చూడాలనుకుంటున్న సంగతి, కొత్తగా నాటిన మడ మొక్కలు తుఫానుకు ఒక్కటీ ఒరగలేదన్న సంగతి. నడుస్తూనే చెబుతోంది. ఎక్కడా ఆగలేదు. వాక్యం మధ్యలో ఊపిరి కోసం వెతుక్కోలేదు. సగం దూరం వెళ్ళాక గానీ నేను అది గమనించలేదు. గమనించాక ఆమె ఏం చెబుతోందో వినడం మానేసి ఆ గొంతునే వింటూ నడిచాను.

లాంచీ ఎక్కాను. ఇంజను మోగింది. పిన్ని గట్టు మీద నిలబడి ఇంకా ఏదో చెబుతూనే ఉంది, చేతులు తిప్పుతూ, నవ్వుతూ. ఒక్క ముక్క వినపడలేదు. అన్నిటికీ తలూపాను.